తోక లేని అడవిపిల్లి

సాల్మన్, ఐడహో
మే 3, 1987

అక్కా,

ఎలుగుబంటి మళ్ళీ వచ్చి, చేపలకి పొగపెట్టే నీ కొట్టం తలుపు ఊడబీకి పట్టుకుపోయిందని రాశావు. చేపలు తినడం వరకూ అర్థముంది. తలుపు దేనికక్కా దానికి? ఇల్లు కట్టుకుంటోందా?

నీ దగ్గరున్న ఆ పాత రివాల్వర్ ఎలుగుబంటికి చక్కిలిగింతలు పెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అందుకే నీకోసం ఒక అడవిపిల్లిని తయారు చేస్తున్నాను. నాన్న తుపాకుల షాపులో పెరిగినదానివి, అడవిపిల్లి అంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. ఏ కంపెనీ చెయ్యని, ఏ దుకాణంలోనూ దొరకని, ఎవడో పిచ్చివాడు సొంత బుర్రతో పుట్టించిన తూటా. ఈసారి పిచ్చివాణ్ణి నేనే. పాతకాలపు రైఫిల్ తూటాల ఇత్తడి తొడుగు తీసుకుని, పొట్టిగా కోసి, అడుగు అంచు పలచగా చెక్కి, బొటనవేలంత సీసపు గుండు కూర్చోబెట్టాను. సీసమేమో టైర్ల షాపువాళ్ళు పారేసే, చక్రాలకి తగిలించే బిళ్ళలు కరిగించి పోసింది. దీనికోసం ఐదు తూటాలు పట్టే రివాల్వర్ కూడా చేస్తున్నాను. దీని పేరు .490 క్విగ్. మన పేరక్కా! రాస్తుంటేనే ఒళ్ళు పులకరిస్తోంది.

అసలు సంగతి చెప్తాను, నవ్వకు. మేం రివాల్వర్లు చేసేవాళ్ళమంతా ఏటా సెప్టెంబరు మొదటి శనివారం లైల్ స్ట్రౌడ్ గుర్రపుశాలలో కలుస్తాం కదా, అక్కడ గోడకి ఒక పైన్ చెక్క ఉంటుంది. తూటా చేసినవాడు కాక, వాడి చుట్టం కాక, బయటివాడెవడైనా ఆ తూటాకి తుపాకి కావాలని రాసి అడిగితేనే దాని పేరు ఆ చెక్క మీద కాల్చి రాస్తారు. లైల్ పేరు ఎప్పుడో ఎక్కింది. నేను ఇదివరకు రెండు అడవిపిల్లుల్ని పుట్టించాను. మొదటిదానికి లోకం మొత్తానికి ఒకే ఒక్క తుపాకి ఉండేది, నాది. రెండోదానికి అదీ లేదు, పేలిపోయింది.

పోయినేడు ఆ లైల్ అందరి ముందూ ఎగతాళి చేస్తుంటే పౌరుషం వచ్చి, వచ్చే సెప్టెంబరుకల్లా నా పేరు చెక్క ఎక్కకపోతే తుపాకులు చెక్కే నా పెద్ద లేత్ మెషీన్ అమ్మేసి, వాడి దగ్గర గడ్డి కోసే మెషీన్లు బాగుచేసే పనికి చేరతానని నోరుజారాను. ఆ దుర్మార్గుడు నా పేరు కుట్టించి ఏప్రాన్ కూడా సిద్ధం చేశాడు! కొలతకి నన్ను పిలిచాడు కూడా.

నీ తుపాకి లెక్కలోకి రాదు, చుట్టానివి. కానీ నీ చేతిలో చూసి ఎవరైనా ముచ్చటపడతారేమోనని చిన్న ఆశ.

నీ తమ్ముడు
థర్మన్

నుషగాక్ నది ఒడ్డు
డిల్లింగ్‌హామ్ పోస్టు, అలాస్కా
మే 16, 1987

ఒరేయ్ థర్మన్,

ముందుగా నీ పౌరుషాన్ని తీసుకెళ్ళి నదిలో పారెయ్యి. చేతిలో విద్య పెట్టుకుని గడ్డి మెషీన్ల దగ్గరికి పోతానన్నావంటే నాన్న సమాధిలోంచి లేచొస్తాడు.

రెండోది, నాకు దుకాణంలో దొరికే తూటాల తుపాకి కావాలి అని అడిగాను. నువ్వేమో ప్రపంచంలో ఒక్క నీ వంటింట్లో తప్ప ఎక్కడా దొరకని తూటా పంపుతానంటున్నావు. అయిపోతే ఏం చెయ్యను? ఎలుగుబంటిని కాస్త ఆగమని చెప్పి, ఐడహోకి ఉత్తరం రాయనా? పైగా అందరి రివాల్వర్లూ ఆరు పేలిస్తే నీది ఐదేనట. ఆరోది ఏమైంది, నువ్వు మింగావా?

ఇంత తిట్టాక అసలు మాట. త్వరగా పంపు. తలుపు పోయాక మా కొట్టానికి అల్లుడొచ్చినట్టే వస్తోంది ఆ ఎలుగుబంటి. నేను దాన్ని అల్లుడుగారనే పిలుస్తున్నాను. వేళకి వస్తాడు, మంచి ముక్కలు ఏరుకుంటాడు, పలకరించకుండా వెళ్ళిపోతాడు. వచ్చే నెల సాల్మన్ చేపలు ఏరు పోటెత్తినట్టు వస్తాయి. చలికాలం తిండి అంతా ఆ కొట్టంలోనే ఉంటుంది.

ఇక్కడ ఫోన్ లేదని మర్చిపోకు. అర్జెంటైతే ఊరి రేడియోవాళ్ళకి చెప్పు, సాయంత్రం సందేశాల్లో చదువుతారు. తీరం మొత్తం వింటుంది కాబట్టి కాస్త మర్యాదగా మాట్లాడు.

అక్క
అర్వెల్లా

సాల్మన్, ఐడహో
జూన్ 6, 1987

అక్కా,

ఆరోది మింగలేదు. ఇంత లావు తూటాలు ఆరు పెడితే సిలిండర్‌లో తూటా గదికీ గదికీ మధ్య గోడ అప్పడం అంత పలచన అవుతుంది. ఐదైతే దిట్టంగా ఉంటుంది. ఐదు పేల్చాక కూడా అల్లుడుగారు నిలబడి ఉంటే ఆరోదానికి నీకు టైముండదులే.

నీ తుపాకి పూర్తయింది! కొత్త సిలిండర్ నేనే చెక్కాను. మొదట దాన్ని పాత టైరుకి కట్టేసి, ట్రిగ్గర్‌కి తాడు కట్టి, నా ట్రక్కు వెనక దాక్కుని లాగాను. టైరు పల్టీ కొట్టింది. తుపాకికి గీత కూడా పడలేదు. తర్వాత చేత్తో పేల్చాను. ఆహా! మోచేతులు కాసేపు నావి కావు అనిపించింది కానీ, ఎంత తియ్యగా కొట్టిందనుకున్నావు! లైల్ వచ్చి, "ఇటివ్వు, తుపాకి పట్టుకోవడం మీ ఇంట్లోవాళ్ళకి నేర్పించాలి" అని ఒంటిచేత్తో పేల్చాడు. అది ఎగిరొచ్చి, వెనకుండే హ్యామర్ వాడి నుదుటి మీద నిలువుబొట్టు పెట్టింది. నేను కిందపడి నవ్వాను. వాడు కూడా నవ్వాడనుకో, కాస్త ఆగి.

గొట్టం మీద తూటా పేరు నాన్న అక్షరాల ముద్రలతోనే కొట్టాను. కొడుతుంటే మధ్యలోనే సరుకుబండి వాడొచ్చి ఒకటే హారన్. నీలిరంగు పట్టించి, తుడిచి, పెట్టెలో పెట్టి, మేకులు కొట్టి ఇచ్చేశాను. రూలు ప్రకారం డిల్లింగ్‌హామ్‌లో తుపాకుల లైసెన్సున్న దుకాణానికి వస్తుంది, అక్కడ సంతకం పెట్టి తీసుకో. తూటాలు వేరే పెట్టెలో ఉంటాయి, దండిగా పంపాను. ఏ రోజు దిగేదీ రేడియోవాళ్ళకి చెప్తాను. మర్యాదగానే!

థర్మన్

నుషగాక్ నది ఒడ్డు
జూన్ 24, 1987

ఒరేయ్ థర్మన్,

నీ మర్యాద తగలెయ్య! నువ్వు చెప్పినది రేడియోలో ఎలా చదివారో విను. "నది ఒడ్డు అర్వెల్లాకి ఐడహో నుంచి తమ్ముడు చెప్పేది. అడవిపిల్లి బయల్దేరింది. శుక్రవారం విమానంలో దిగుతుంది. రెండు చేతుల్తో గట్టిగా పట్టుకో, తన్నుతుంది. మొహానికి దూరంగా ఉంచు."

శుక్రవారం నేను వెళ్ళేసరికి విమానం దిగేచోట సగం ఊరుంది. ఒకావిడ చేప తలకాయలు తెచ్చింది. ఇంకొకావిడ "ఆడదా, మగదా? కోళ్ళున్నాయి మాకు" అని దెబ్బలాటకొచ్చింది. పెట్టె దించగానే పైలట్ మొహం పాలిపోయింది. "అమ్మా, దీనికి గాలి కన్నాల్లేవు. దారిలో ఒక్కసారి కూడా అరవలేదు. పోయిందేమో" అన్నాడు పాపం.

అందరికంటే ముందు ఇవాన్ వస్సిలీ నిలబడి ఉన్నాడు. మా అడవి జంతువుల పోలీసు. ఇక్కడి యూపిక్ తెగ పిల్లాడు, మంచివాడు, కానీ రూలంటే రూలే. వెనక ఇనప బోను.

"పర్మిట్ ఉందా పిన్నీ?"

"దేనికిరా?"

"బయటి రాష్ట్రం నుంచి బతికున్న క్రూరజంతువుని తెప్పించడానికి. రేడియోలో విన్నాను. తన్నుతుందట కూడా."

దుకాణంలో సంతకాలు పెట్టి పెట్టె తెరిస్తే ఊరు ఊరంతా ఒకటే గోల. నేను "ఇదే నాయనా పిల్లి, చేపలు తినదు, సీసం తింటుంది" అన్నాను. ఇవాన్ మాత్రం నవ్వలేదు. చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, సిలిండర్ చెవి దగ్గర పెట్టుకుని టిక్కు టిక్కుమని తిప్పి, "ఇది ఎవరు చేశారు?" అని చర్చిలో అడిగినంత మెల్లిగా అడిగాడు.

మర్నాడు పొద్దున అతనే పడవలో దిగబెట్టాడు, బోను ఇంకా పడవలోనే ఉంది. గట్టు ఎక్కామో లేదో అల్లుడుగారు కొట్టంలోంచి బయటికొచ్చి రెండు కాళ్ళ మీద లేచాడు. నేను చంపాలనుకోలేదురా. నెత్తి పైనుంచి గట్టు బురదలోకి ఒక్కటి పేల్చాను. తర్వాత నాకు కనిపించింది ఆకాశం. ఎందుకంటే చేపలు ఊరబెట్టే ఉప్పునీళ్ళ తొట్టిలో వెల్లకిలా ఉన్నాను. కళ్ళజోడు ఎటుపోయిందో తెలీదు. అల్లుడుగారు నది దాటిన వేగానికి తడిశాడో లేదో కూడా అనుమానమే. ఇవాన్ ఏడని వెతికితే పడవలో బోనులో కూర్చుని, లోపలి నుంచి తలుపు పట్టుకుని ఉన్నాడు!

ముఖ్యమైన మాట. బోనులోంచి బయటికొచ్చి అతనన్న మొదటి మాట, "నాకొకటి కావాలి." గొట్టం మీది పేరు చూసి కాగితం మీద రాసుకున్నాడు, ఊరు పేరు నన్నడిగాడు. ఆ సాయంత్రమే పోస్టు చేశాడు. నాకు చుట్టం కాదు, నీకూ కాదు. వరసకి పిన్నీ అంటాడంతే. చెక్క మీద పేరు ఎక్కినట్టేరా తమ్ముడూ! ఈ వయసులో గట్టు మీద ఒంటరిగా గంతులేశాను.

అర్వెల్లా

సాల్మన్, ఐడహో
జులై 19, 1987

అక్కా,

నీ ఉత్తరం చదివి షాపులో ఈలలు వేశాను. మా పోస్టుమాస్టర్ని రోజూ వెళ్ళి వేధించాను. మూడు వారాలు దాటింది. అలాస్కా నుంచి వేరే ఉత్తరాలు వస్తున్నాయి, నీ ఇవాన్‌ది మాత్రం లేదు.

నిజం చెప్పు. ఇవాన్ అనేవాడు అసలున్నాడా? బోనులో దాక్కున్న పోలీసు అని చదివినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. చిన్నప్పుడు నా గాలిపటం పోతే గద్ద తీసుకెళ్ళి పిల్లలకి గూడు కట్టిందని చెప్పావు, గుర్తుందా? నేను సంబరపడ్డాను. ఇప్పుడు అంత చిన్నవాణ్ణి కాదు. నన్ను ఓదార్చడానికి కథ అల్లావని తెలిసి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

లేత్ చూడ్డానికి మిజూలా నుంచి ఒకాయన వచ్చి వెళ్ళాడు. తెల్లచొక్కా వేసుకుని నా లేత్ మీద చెయ్యేసి నిమిరాడు, చూడలేకపోయాను. లైల్ ఏప్రాన్ కొలతకి మళ్ళీ రమ్మన్నాడు. ఈసారి వెళ్ళాను.

కాల్చినందుకు చెయ్యి నొప్పి తగ్గిందా?

థర్మన్

నుషగాక్ నది ఒడ్డు
ఆగస్టు 3, 1987

థర్మన్,

నన్ను అబద్ధాలకోరును చేస్తావా? కూర్చుని చదువు. నుంచుంటే పడతావు.

నిన్న ఇవాన్ కందగడ్డ మొహంతో వచ్చాడు. చేతిలో తన ఉత్తరమే, విప్పకుండా వెనక్కి వచ్చింది. పైన మీ పోస్టాఫీసు ముద్ర, "ఇలాంటి పేరుగలవారు ఈ ఊళ్ళో లేరు" అని. "పిన్నీ, నువ్వు చెప్పినాయన పారిపోయాడా?" అంటాడు!

కొత్త కళ్ళజోడు పోయినవారమే వచ్చింది. పెట్టుకుని కవరు చూశాను. ఆ పేరు క్విగ్ కాదు. అనుమానమొచ్చి తుపాకి తీసి వెలుతురులో పెట్టి గొట్టం మీద చదివాను. అక్కడా క్విగ్ లేదు. ఔయిగ్ అని ఉంది. .490 ఔయిగ్.

ఎవడ్రా ఈ ఔయిగ్? ఫ్రెంచివాడా? నాకు తెలీకుండా ఎవణ్ణి పార్ట్‌నర్‌గా పెట్టుకున్నావు? రాత్రింబగళ్ళు నువ్వు చెక్కితే, వాడెవడో వచ్చి వాడి పేరు కొట్టించుకున్నాడా? చెక్క మీద ఇంటిపేరు ఎక్కాలని ప్రాణం పెట్టినవాడివి, అది ఇంకొకడికి ఎలా ఇచ్చావు? పెళ్ళయి ఎన్నేళ్ళయినా నేను పుట్టింది క్విగ్ గానే. ఆ పేరు నీ ఒక్కడిదీ కాదు, నాది కూడా.

వాణ్ణి వెళ్ళగొట్టి జవాబు రాయి.

అర్వెల్లా

సాల్మన్, ఐడహో
ఆగస్టు 12, 1987

అక్కా, అక్కా, అక్కా,

నేనొక గాడిదని! నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేశాయి. లైల్ లోపలికొచ్చి నాకేదో అయిందని నీళ్ళు చల్లాడు.

నాన్న ముద్రల పెట్టెలో మన పేరు మొదటి అక్షరం, క్యూ, విరిగిపోయి చాలా ఏళ్ళయింది. ఎక్కడా దానికి జత దొరకలేదు. అందుకని నేను ఓ కొట్టి, తర్వాత చిన్న ఉలితో దానికి తోక చెక్కుతాను. O కి తోక పెడితే Q. ఇన్నేళ్ళుగా ప్రతి తుపాకికీ అంతే. ఆ రోజు ఉలి చేతిలోకి తీసుకున్నానో లేదో సరుకుబండి వాడి హారన్! తోక మర్చిపోయాను, QUIG కాస్తా OUIG అయింది. సొంత ఇంటిపేరుకి తోక మర్చిపోయినవాణ్ణి ఈ జిల్లాలో ఇంకొకణ్ణి చూపించు.

ఔయిగ్‌ని వెళ్ళగొట్టమన్నావు. ఎలా వెళ్ళగొట్టను, రోజూ అద్దంలో నేను గడ్డం గీసేది వాడికే.

నిన్ను అనుమానించాను, చెంపలేసుకుంటున్నాను. ఇవాన్ నిజంగా ఉన్నాడు! బోనులో నిజంగా కూర్చున్నాడు! అక్కా, అతని కాళ్ళు పట్టుకుని ఇంకొక్క ఉత్తరం రాయించు. సెప్టెంబరు మొదటి శనివారంలోపు నా చేతికి రావాలి. లేకపోతే ఏప్రానే. నీ తుపాకి కూడా దుకాణం ద్వారా పంపు, తోక పెట్టి పంపేస్తాను.

నీ గాడిద తమ్ముడు
థర్మన్

నుషగాక్ నది ఒడ్డు
ఆగస్టు 23, 1987

ఒరేయ్ గాడిదా,

నీ ఉత్తరం ఇవాన్‌కి చదివి వినిపించాను. పడవలో పడుకుని దొర్లాడు. వాళ్ళమ్మకి యూపిక్‌లో చెప్పాడు, ఆవిడ చుట్టాలందరికీ చెప్పింది, నిన్న చేపలు కొనే పడవ వాళ్ళు కూడా నన్ను "ఔయిగ్ పిన్నీ" అన్నారు.

ఇవాన్ ఆర్డరు ఈ కవర్లోనే ఉంది. వెనక్కి వచ్చిన పాతదాన్ని కూడా జతచేశాడు, ముద్రతో సహా. కానీ ఒక షరతు పెట్టాడు. తనకి కావలసింది నా చేతిలో ఉన్న తుపాకేనట, అక్షరం మారకూడదట. "తోక పెడితే తీసుకోను పిన్నీ. ఇక్కడి అడవిపిల్లికి మాత్రం పెద్ద తోక ఎక్కడుంది? ఆ ఔయిగ్‌ని చూసే కదా ఎలుగుబంటి పారిపోయింది" అంటాడు. నేను బతిమాలాను. రూలంటే రూలేనట.

మరి నీ ఇష్టం. మన పేరు కోసం ఎంత తపించావో నాకు తెలుసు. నా మటుకు నేను తుపాకి పంపను. అల్లుడుగారు అవతలి ఒడ్డున కూర్చుని ఇటే చూస్తున్నారు.

అర్వెల్లా

సాల్మన్, ఐడహో
సెప్టెంబరు 7, 1987

అక్కా,

నీ కవరు గురువారం అందింది. శనివారం గుర్రపుశాలకి చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాను, గుండె మాత్రం నీ పొగ కొట్టం తలుపులా ఊడిపోయి ఉంది.

ఆర్డరు చదవగానే లైల్ లేచాడు. నుదుటి మీద బొట్టు ఇంకా ఉంది. "అయ్యా, ఇది చెల్లదు. అడిగింది ఔయిగ్ తుపాకి. ఔయిగ్ అనేవాడు ఈ ఊళ్ళో లేడని ప్రభుత్వమే ముద్ర వేసి చెప్తోంది. మరి మన క్విగ్ సంగతేంటి?" అన్నాడు. ఒకటే ఈలలు. నేను నీ ఉత్తరాలు బయటికి తీసి రేడియో సందేశం నుంచి బోను దాకా అంతా చదివాను. గుర్రాలు బెదిరేంతగా నవ్వారు. పొట్ట పట్టుకుని బయటికెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

అప్పుడు లైల్ "చెల్లిందిలే" అంటూ ఇనప కడ్డీ ఎర్రగా కాల్చి చెక్క దగ్గరికెళ్ళి, ఒక్కో అక్షరం కాల్చి రాశాడు. .490, తర్వాత గుండ్రంగా ఓ. అక్కడ ఆగి, నా వైపు తిరిగి, ఎగతాళి లేకుండా అడిగాడు.

"తోక పెట్టమంటావా థర్మన్? నువ్వు ఊఁ అంటే పెట్టేస్తాను. ఎవరూ అడ్డు చెప్పరు."

అక్కా, జీవితమంతా ఆ పేరు కోసమే చూశాను. ఊఁ అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ ముక్కూమొహం తెలియని మనిషి, అంత దూరం నుంచి రెండుసార్లు రాసి అడిగింది ఏ పేరుతో? క్విగ్‌ని ఇన్నేళ్ళలో ఒక్కడూ అడగలేదు.

"వద్దు, వాడి పిల్లి వాడికి కావలసినట్టే ఉండనీ" అన్నాను. లైల్ మిగతా అక్షరాలు కాల్చి, కడ్డీ పక్కనపెట్టి నన్ను కావలించుకున్నాడు. అక్కడే ఇంకో ఇద్దరు వచ్చి తమకీ ఔయిగ్ కావాలన్నారు. తోక లేనిదే!

లేత్ అమ్మడం లేదు. ఏప్రాన్ లైల్ ఇచ్చేశాడు, నీకు పంపుతున్నాను, చేపలు కోసేటప్పుడు కట్టుకో. దాని మీద క్విగ్ అని ఎర్రదారంతో కుట్టించాడు, క్యూకి ఇంత పొడుగు తోక. ఇంటిపేరు నీకూ ఉందన్నావు కదా, జాగ్రత్తగా చూసుకో. నా దగ్గర ఇప్పుడు వేరేది ఉంది.

ఇట్లు
నీ తమ్ముడు
థర్మన్ ఔయిగ్